గుమ్మంలో ఒకరు, కుర్చీలో ఒకరు: రష్యన్ ఇంటి బొమ్మలపై పాఠకుల ప్రశ్నలు

19వ శతాబ్దపు రష్యన్ వాస్తవిక చిత్రాల్లోని సంసారాలు, తగవులు, దుఃఖాల గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహం పలువురు అడిగిన చోట ఒక్కటిగా కలిపాం.

ప్రశ్న (వరంగల్ నుంచి): రేపిన్ వేసిన 'అనుకోని రాక' బొమ్మ చాలాసార్లు చూశాను. అందులో ఎవరూ ఏడవడం లేదు, అరవడం లేదు. మరి అంత ఉద్రిక్తత ఉందంటారేం? ఏ మూల నుంచి చూడటం మొదలుపెట్టాలి?

జవాబు: మొహాలను కాసేపు పక్కన పెట్టి నేలను చూడండి. ప్రవాసశిక్ష నుంచి తిరిగొచ్చిన మనిషి గదిలోకి అడుగు వేశాడు, పూర్తిగా రాలేదు. అతనికీ, కుర్చీలోంచి లేస్తున్న తల్లికీ మధ్య చెక్క నేల ఖాళీగా ఉంది. ఆ నాలుగడుగులు ఎవరు ముందు దాటాలన్నది ఇంకా తేలలేదు. ఆ బొమ్మ బిగువంతా అక్కడే ఉంది.

తర్వాత ఒక్కొక్కరి భంగిమ చూడండి. నల్లబట్టల్లో ఉన్న తల్లి వీపే మనకు కనిపిస్తుంది, మొహం దాదాపు కనిపించదు. ఆమె కూర్చునీ లేదు, నిలబడీ లేదు. పియానో ముందున్న భార్య ఇటు తిరిగింది కానీ లేవలేదు. బల్ల దగ్గర మగపిల్లవాడు గుర్తుపట్టి నోరు తెరిచాడు. పక్కనున్న చిన్నపిల్ల మాత్రం భుజాలు ముడుచుకుని, తల వంచి, కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తోంది. తండ్రి వెళ్ళేనాటికి ఆమెకు ఊహ తెలిసి ఉండదు. తలుపు పిడి పట్టుకున్న పనిమనిషి మొహంలో, ఇతన్ని లోపలికి రానిచ్చి తప్పు చేశానా అన్న సందేహం. అయిదుగురూ ఒకే క్షణంలో ఉన్నా, ఆ మనిషిని గుర్తుపట్టడంలో ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు మీద ఉన్నారు. అరుపులు లేకపోయినా గది బిగుసుకుపోయింది అందుకే.

ఆఖర్న గోడ చూడండి. కవులు షెవ్‌చెంకో, నెక్రాసోవ్‌ల చిత్తరువులు, క్రీస్తును సిలువ వేసిన కొండ ముద్రణ, 1881లో హత్యకు గురైన రెండో అలెగ్జాండర్ చక్రవర్తి మరణశయ్య బొమ్మ ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళు చదువుకున్నవాళ్ళని, దేశంలో జరిగేదాని మీద వాళ్ళకు ఆలోచన ఉందని, వచ్చినవాడు మామూలు దొంగ కాదు, రాజకీయ ఖైదీ అని ఆ గోడ చెబుతుంది.

రేపిన్ దీన్ని ఒక్క ఊపులో ముగించలేదు. 1884లో ప్రదర్శనకు పెట్టాడు. వచ్చిన మనిషి మొహం మాత్రం కుదరలేదు. కొనుక్కున్న మాస్కో సేకర్త, గ్యాలరీ యజమాని త్రెత్యకోవ్‌కూ అది నచ్చలేదు. 1887లో త్రెత్యకోవ్ ఊళ్ళో లేనప్పుడు రేపిన్ రంగులు తీసుకుని గ్యాలరీకే వెళ్ళి మొహం మార్చేశాడు. 1888లో మరోసారి దిద్దాక ఇప్పుడు మనం చూసే మొహం వచ్చింది: నన్ను ఉండనిస్తారా అని అడుగుతున్నట్టుండే మొహం. ఇందులో వీరుడి ఠీవి తగ్గి, బెరుకు పెరిగింది. మా లెక్కలో ఈ మార్పే బొమ్మను నిలబెట్టింది.

ఇంట్లోనే చేసి చూడదగ్గ ప్రయోగం ఒకటుంది. సోవియట్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ యార్బస్ కంటిచూపు ఎటు కదులుతుందో నమోదు చేయడానికి ఎంచుకున్న బొమ్మ ఇదే. ఒకే మనిషికి ఈ బొమ్మను ఏడుసార్లు, ఒక్కోసారి మూడు నిమిషాలు చూపించాడు. మొదటిసారి ఏమీ చెప్పలేదు. తర్వాత ఒక్కోసారి ఒక్కో ప్రశ్న వేశాడు. వీళ్ళ వయసులెంత అన్నప్పుడు చూపు మొహాల మీదే తిరిగింది. కలిగినవాళ్ళా, లేనివాళ్ళా అన్నప్పుడు బట్టల మీదికి, సామాను మీదికి పోయింది. అతను ఎన్నాళ్ళ తర్వాత వచ్చాడన్నప్పుడు వచ్చినవాడి మొహానికీ ఇంటివాళ్ళ మొహాలకూ మధ్య అటూ ఇటూ పరుగులు పెట్టింది. మీరూ ఒక్కో ప్రశ్నకు మూడు నిమిషాల చొప్పున పెట్టుకుని చూడండి. ప్రశ్న లేకుండా చూస్తే కన్ను మొహాల దగ్గరే ఆగిపోతుంది. గోడా నేలా తప్పిపోయేది అందుకే.

ఒక జాగ్రత్త. ఇదే పేరుతో చెక్క పలక మీద వేసిన చిన్న బొమ్మ ఒకటుంది. అందులో గుమ్మంలో నిలబడింది యువతి, విద్యార్థిని. అది అంతకుముందు మొదలుపెట్టిన రూపం. కొన్నిచోట్ల పెద్దబొమ్మ వివరణ పక్కన ఈ చిన్నబొమ్మ అచ్చేస్తుంటారు. పెద్దది 160.5 × 167.5 సెంటీమీటర్లు, దాదాపు చదరం.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి): 'అసమాన వివాహం' బొమ్మలో ముసలి పెళ్ళికొడుకు, కన్నీళ్ళ పెళ్ళికూతురు ఉన్నారు. మన కన్యాశుల్కం లాంటిదేనా ఇది? వెనక చేతులు కట్టుకున్న కుర్రవాడు చిత్రకారుడే అంటారు, నిజమా?

జవాబు: ముసలాడికి పసిపిల్లను కట్టబెట్టడం ఒకటే పోలిక. డబ్బు నడిచే దారి వేరు. రష్యాలో ఉద్యోగుల, వర్తకుల, జమీందార్ల ఇళ్ళలో కట్నం ఇచ్చేది ఆడపిల్లవాళ్ళే. కట్నం ఇచ్చుకోలేని ఇంటికి, కట్నం అడగని పెద్ద హోదా ముసలాడు పెద్ద సంబంధంలా కనిపించేవాడు. మన ఓలికి దగ్గరగా, పెళ్ళికొడుకు వైపు నుంచి డబ్బు ముట్టే ఆచారం చాలాచోట్ల రైతుకుటుంబాల్లో ఉండేది. ఈ బొమ్మ ఆ ఇళ్ళది కాదు. మెడలో పతకం, ఛాతీ మీద నక్షత్రం ఉన్న ఈ వరుడు పెద్ద అధికారి.

వసీలీ పుకిరెవ్ దీన్ని 1862లో వేశాడు. 173 × 136.5 సెంటీమీటర్లు. ఇంటి సంగతులకు అప్పటిదాకా చిన్న బొమ్మలు వేసేవారు, ఇంత ఎత్తు కాన్వాస్ దేవుళ్ళకీ రాజులకీ. ఒక పిల్ల పెళ్ళికి అంత కాన్వాస్ కేటాయించడమే అప్పట్లో తెగువ.

తంతులో ఇది ఏ ఘట్టమో తెలిస్తే బొమ్మ మరింత బిగుస్తుంది. ఆర్థడాక్స్ పెళ్ళికి రెండు భాగాలు. ముందు ఉంగరాలు, తర్వాత కిరీటాలు. ఇక్కడ పూజారి చేతిలో ఉంగరం ఉంది, పిల్ల చేయి చాచింది. కిరీటాలు ఇంకా రాలేదు. రష్యన్ పద్ధతిలో "నీ ఇష్టంతోనే, ఎవరి బలవంతమూ లేకుండానే వచ్చావా?" అని పూజారి అడిగేది ఉంగరాల తర్వాత, కిరీటాల ముందు. అంటే ఆ ప్రశ్న ఇంకా రావలసి ఉంది. ఆమె రెండో చేతిలోని కొవ్వొత్తి కిందికి వాలిపోయి ఉంది. ముసలాయన తల తిప్పకుండా కళ్ళు మాత్రం ఆమె వైపు తిప్పి చూస్తున్నాడు. వెనక చేతులు కట్టుకున్నవాడు తోడుపెళ్ళికొడుకు. కాసేపట్లో పెళ్ళికూతురి తల మీద కిరీటం ఎత్తి పట్టుకోవలసింది ఇలాంటివాళ్ళే. చేతులు కట్టుకోవడంలోని మొండితనం అప్పుడు అర్థమవుతుంది.

అతని మొహం పుకిరెవ్‌దే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. కథ మాత్రం రెండు రకాలుగా చెబుతారు. పుకిరెవ్ ప్రేమించిన పిల్లనే వేరేవాడికిచ్చారన్నది ఒకటి. అతని స్నేహితుడు వరెన్త్సోవ్‌కు జరిగిన సంగతి ఇదని, మొదట అతని మొహమే వేయగా అతను అభ్యంతరం చెప్పడంతో పుకిరెవ్ తన మొహం పెట్టాడని రెండోది. రెండింటిలో ఏది నమ్మినా బొమ్మలో మారేదేమీ లేదు. ఇది చూసి పెళ్ళి మానుకున్న ముసలాళ్ళున్నారన్న కథలూ ప్రచారంలో ఉన్నాయి. చాలామంది ముసలి జనరల్స్‌కు ఈ బొమ్మ మనశ్శాంతి లేకుండా చేసిందని తర్వాతి రోజుల్లో రేపిన్ కూడా అన్నాడు.

ప్రశ్న (తెనాలి నుంచి): నవ్వించే రష్యన్ పెళ్ళిచూపుల బొమ్మ ఏదో ఉందట. అది చెప్పండి.

జవాబు: పావెల్ ఫెదోతోవ్ 1848లో వేసిన 'మేజరుగారి పెళ్ళిచూపులు'. 58.3 × 75.4 సెంటీమీటర్లే. ఫెదోతోవ్ పీటర్స్‌బర్గ్‌లో సైనికాధికారిగా పనిచేసి, రాజీనామా ఇచ్చి బొమ్మల్లోకి వచ్చినవాడు. ఈ బొమ్మకే రష్యా కళల అకాడమీ అతనికి అకడమీషియన్ బిరుదు ఇచ్చింది.

వర్తకుడి ఇల్లు. మేజరుకు డబ్బు కావాలి, వర్తకుడికి హోదా కావాలి. పెళ్ళిళ్ళపేరమ్మ వచ్చి, వచ్చేశారని చెబుతోంది. మేజరు అవతలి గుమ్మంలో మీసం మెలేస్తున్నాడు. వర్తకుడు హడావిడిగా కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. పట్టపగలు విందుకెళ్ళే గౌను తొడుక్కున్న పిల్ల లోపలికి పారిపోతుంటే తల్లి గౌను పట్టి ఆపుతోంది. తల్లి పెదవుల ఆకారం చూసి "పిచ్చిమొద్దూ" అంటోందని రష్యన్ ప్రేక్షకులు చదువుకుంటారు. ముందు నేల మీద పిల్లి మొహం కడుక్కుంటోంది. పిల్లి మొహం కడిగితే చుట్టాలొస్తారని అక్కడి నమ్మకం. మనకు కాకి అరిచినట్టు.

ఫెదోతోవ్ ఊహించి వేసే రకం కాదు. షాండిలియర్ మొదలు పాత్రల దాకా అసలు వస్తువు దొరికేదాకా తిరిగేవాడు. తర్వాత ఇదే బొమ్మను ఇంకోసారి వేసి, వివరాలు తగ్గించాడు. అది పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉంది. మొదటిది మాస్కో త్రెత్యకోవ్‌లో.

నవ్వుతో ఆగకండి. ఇతనే 1851-52లో 'చిన్నవయసు వితంతువు'ను నాలుగైదు రకాలుగా వేసి చూశాడు. కడుపుతో ఉన్న పడుచు, చనిపోయిన భర్త చిత్తరువు, అప్పులవాళ్ళు ముద్ర వేసిన సామాను. 1852లో, 37 ఏళ్ళకే మానసిక చికిత్సాలయంలో పోయాడు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి, ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని): ఇంట్లో గొడవ జరిగిన తర్వాతి క్షణాన్ని నూనెరంగుల్లో వేద్దామనుకుంటున్నాను. నేను వేసినదల్లా సీరియల్ దృశ్యంలా వస్తోంది. ఎక్కడ తప్పుతోంది?

జవాబు: నోళ్ళు తెరిపించడం దగ్గర, చేతులు పైకెత్తించడం దగ్గర. చిన్న లెక్క వేసుకోండి. 45 × 60 సెంటీమీటర్ల కాన్వాస్‌లో నిలువెత్తు మనిషిని 20 సెంటీమీటర్లు వేశారనుకుందాం. తల మొత్తం శరీరంలో ఏడున్నరో వంతు, అంటే రెండున్నర సెంటీమీటర్లు దాటి కాస్త. కనుబొమ నుంచి పెదవి దాకా ఒక సెంటీమీటరు చిల్లర. గొడవంతా ఆ సెంటీమీటరులో చెప్పబోతే మొహం వికారంగా తయారవుతుంది. వీపు, మెడ, చేతులు, మనుషుల మధ్య ఎడం వీటితో చెప్పించాలి.

దీనికి నికొలాయ్ గే 1871లో వేసిన 'పీటర్‌హోఫ్‌లో కొడుకు అలెక్సేయ్‌ను ప్రశ్నిస్తున్న పీటర్ చక్రవర్తి' మంచి పాఠం. తండ్రి కూర్చుని కొడుకు వైపు తిరిగాడు. కొడుకు నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. మధ్యలో గుడ్డ కప్పిన బల్ల. కింద నలుపు తెలుపు పలకల నేల, మీద జారిపడిన కాగితం. ఒక్క చేయీ పైకి లేవలేదు. ఎవరు గెలుస్తారో కూర్చున్నవాడి తల తిప్పిన తీరులోనే తెలిసిపోతుంది. అలెక్సేయ్ 1718లో జైల్లోనే పోయాడు. ఆ సంగతి తెలియనివాడికి కూడా ఈ గదిలో కొడుకు మీద జాలి కలుగుతుంది, తండ్రి మీద పూర్తిగా కోపం రాదు. గే ఎవరి పక్షమూ తీసుకోలేదు. అది కష్టమైన పని.

ఇక మీ బొమ్మ సంగతి. కాన్వాస్ జోలికి పోకముందు 5 × 7 సెంటీమీటర్ల గళ్ళు ఒక పన్నెండు గీయండి. ఒక్కోదానికి మూడు నిమిషాలకు మించి పెట్టొద్దు. మనుషులను నల్ల ముద్దలుగా మాత్రమే వేయండి, కళ్ళూ ముక్కూ వద్దు. ఆ నల్ల ముద్దలను చూసి ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో పక్కవాళ్ళు చెప్పగలిగితే ఆ గడి పనికొస్తుంది. చెప్పలేకపోతే మొహాలు ఎంత బాగా వేసినా లాభం లేదు.

మనుషుల మధ్య ఎడాలు సమానంగా పెట్టొద్దు. నలుగురుంటే ముగ్గురు దగ్గరగా, ఒకరు ఎడంగా ఉండాలి. సమానంగా ఉంటే గ్రూప్ ఫోటో అవుతుంది. ఒకరి వీపు మనవైపు ఉంచండి, రేపిన్ తల్లిని ఉంచినట్టు. అప్పుడు చూసేవాడికి తానూ ఆ గదిలోనే వెనక నిలబడ్డట్టుంటుంది. ఇద్దరి చూపులు కలిస్తే చాలు, మూడోవారి చూపు ఎక్కడా కలవకూడదు. గదిలో ఒక్క వస్తువే తప్పుగా ఉండాలి: దొర్లిన చెంబు, సగం మడిచిన చీర, మూత తీసిన డబ్బా. నాలుగు పెడితే దొంగతనం జరిగిన ఇల్లవుతుంది.

గది కొలత కూడా మాట్లాడుతుంది. సూరికోవ్ 1883లో వేసిన 'బెర్యోజవోలో మెన్షికోవ్' చూడండి. పదవి పోయి ప్రవాసశిక్ష మీద సైబీరియాకు వెళ్ళిన మంత్రి, ముగ్గురు పిల్లలు, ఇరుకు గుడిసె. ఆయన లేచి నిలబడితే తల కప్పు చీల్చుకుపోతుందని తోటి చిత్రకారుడు క్రాంస్కోయ్ తప్పు పట్టాడు. కొలత ప్రకారం ఆ మాట నిజమే. బొమ్మ ప్రకారం మాత్రం ఆ తప్పే దాని బలం. కానీ ఇలాంటి తప్పు కావాలని చేయాలి, పర్‌స్పెక్టివ్ రాక చేయకూడదు.

రంగుల దగ్గర రెండు మాటలు. నల్లబట్టలను నల్లరంగు ట్యూబుతో వేస్తే కాన్వాస్‌లో బొక్కలా కనిపిస్తాయి. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ కలిపి నలుపు తీసుకురండి. నీడలో నీలం, వెలుగులో గోధుమ ఎక్కువ చేసుకోవచ్చు. మొదటి పొర టర్పెంటైన్‌తో పల్చగా, పై పొరల్లో అవిసె నూనె ఎక్కువగా ఉండాలి. తలకిందులైతే పైపొర ముందు ఎండి, కింది పొర కదిలినప్పుడు పగుళ్ళిస్తుంది. మొహం దిద్దుదామని తడి ఆరకముందే మళ్ళీ మళ్ళీ పులమొద్దు, రంగు బురదవుతుంది. గీకేసి వారం ఆగి వేయడం మేలు. ఎండాక ముదురు చోట్లు పేలవంగా కనిపిస్తే రంగు పాడైందని కంగారుపడొద్దు. నూనె కింది పొరలోకి ఇంకిపోయిందంతే. రీటచింగ్ వార్నిష్ పల్చగా పూస్తే లోతు తిరిగొస్తుంది.

ప్రశ్న (కర్నూలు జిల్లా నుంచి): అన్నదమ్ముల ఆస్తి పంపకాల మీద రష్యన్లు బొమ్మలు వేశారా? అక్కడా మనలాగే తోటికోడళ్ళే కారణమా?

జవాబు: వేశారు. వసీలీ మక్సీమోవ్ 1876లో వేసిన 'కుటుంబ విభజన' ఇదే. చెక్క ఇల్లు, బల్ల, అన్నదమ్ములు, తోటికోడళ్ళు, సాక్ష్యానికి వచ్చిన ఊరి పెద్దలు. మక్సీమోవ్ రైతు ఇంట్లో పుట్టినవాడు. నగరం నుంచి వచ్చి చూసినవాడి బొమ్మలా ఉండదు ఇది. ఏ వస్తువు ఎవరి వాటాకు పోతుందోనని చూసే చూపులు ఇంట్లో పుట్టి పెరిగినవాడికే తెలుస్తాయి.

తోటికోడళ్ళే కారణమన్నది అక్కడి మగవాళ్ళు కూడా చెప్పిన మాటే. అసలు కారణం కూలిడబ్బులు. 1861లో దాస్యం రద్దయ్యాక, ఇల్లు చీలకుండా ఆపే జమీందారు అడ్డు పోయింది. కొడుకులు నగరాలకు వెళ్ళి సంపాదించుకొచ్చేవారు. ఆ డబ్బు ఇంటి పెద్ద చేతికివ్వాలి. తన మగడి కష్టం మరిది పిల్లల కడుపులోకి పోతోందని ఒక కోడలు అంటే, ఆ మాటలో లెక్క ఉంది, ఒట్టి జగడం కాదు. విడిపోతే నష్టమూ నిజమే. ఒకే గుర్రం ఉన్న ఇల్లు రెండైతే ఒకరు దున్నడానికి గుర్రం లేకుండా మిగులుతారు. పన్ను బాకీలు పెరుగుతున్నాయని ప్రభుత్వం 1886లో చట్టం తెచ్చి, ఇంటి పెద్ద ఒప్పుకోలు, ఊరి సభలో మూడింట రెండు వంతుల మంది సమ్మతి ఉంటేనే పంపకం చెల్లుతుందంది. జనం చట్టాన్ని పెద్దగా లెక్కచేయకుండా విడిపోతూనే ఉన్నారు.

నగరానికి వెళ్ళినవాడి కథ రెండో సగం వ్లదీమిర్ మకోవ్‌స్కీ వేసిన 'బులెవార్‌లో' (1886-87) బొమ్మలో ఉంది. పసిబిడ్డను చంకనేసుకుని ఊరి నుంచి భార్య మాస్కో వచ్చింది. భర్త ఎర్రచొక్కా వేసుకుని, టోపీ పక్కకు పెట్టి, అకార్డియన్ వాయిస్తున్నాడు. ఒకే బెంచీ మీద కూర్చున్నారు, చూపులు మాత్రం కలవవు. 53 × 68 సెంటీమీటర్ల ఈ చిన్న బొమ్మ, తెలుగు పల్లెల నుంచి ముంబైకో గల్ఫ్‌కో మగవాళ్ళు వెళ్ళిన ఇళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): 'ఇవాన్ ద టెరిబుల్ తన కొడుకుతో' బొమ్మ చరిత్ర చిత్రమా, కుటుంబ చిత్రమా? దాన్ని కత్తితో పొడిచారట కదా.

జవాబు: పూర్తి పేరులో తేదీ ఉంది: 1581 నవంబరు 16. అందుకని చరిత్ర చిత్రం అనిపిస్తుంది. కానీ ఆ కాలంలో మాస్కో వచ్చిన పోప్ దూత పొస్సెవీనో విన్నదాని ప్రకారం గొడవ మొదలైంది కోడలి బట్టల దగ్గర. నిండు గర్భిణి కోడలు ఒంటి మీద ఒక్క అంగీతో ఉందని మామగారు, అంటే రష్యా జార్ ఇవాన్, చేయిచేసుకున్నాడు. అడ్డొచ్చిన కొడుకును ఊతకర్రతో కొట్టాడు. యుద్ధం గురించి వాదన జరిగిందనే కథనమూ ఉంది. మొదటిదే నిజమైతే, గొడవకు కేంద్రమైన మనిషి బొమ్మలోనే లేదు.

1885లో రేపిన్ దీన్ని 199.5 × 254 సెంటీమీటర్ల కొలతలో వేశాడు. దొర్లిన కుర్చీ, నలిగిన తివాచీ, ముందు పడి ఉన్న కర్ర, ఇవన్నీ గొడవ జరిగిందని చెప్పే సామాను. తండ్రి ఒక చేత్తో కొడుకు కణత మీది గాయాన్ని మూస్తున్నాడు, రెండో చేత్తో నడుము పట్టి దగ్గరికి లాక్కుంటున్నాడు. కొట్టిన చేతులే ఇప్పుడు రక్తం ఆపబోతున్నాయి. రక్తం ఎక్కువైందని అప్పుడూ అన్నారు, అది అన్యాయమైన మాటేం కాదు. తివాచీ మీది మరక లేకపోయినా ఆ కళ్ళు చాలేవి. 1885 ఏప్రిల్‌లో ప్రదర్శన నిషేధించారు. జూలైలో ఎత్తేశారు.

1913 జనవరిలో ఒకడు కత్తితో మొహాల మీద మూడు వేట్లు వేశాడు. దిద్దడానికి వచ్చిన రేపిన్ ఇవాన్ తలను తన అప్పటి పద్ధతిలో ఊదారంగు కలిపి కొత్తగా వేసేశాడు. అది మిగతా బొమ్మతో కలవలేదు. గ్యాలరీ అధిపతి గ్రాబార్ ఆ తడిరంగు తుడిచేయించి, గాయపడ్డ చోటే నీటిరంగులతో నింపి వార్నిష్ వేశాడు. పాత బొమ్మను వేసినవాడే అయినా కొత్తగా వేయకూడదు, పోయిన చోటు మాత్రమే నింపాలి అన్న పునరుద్ధరణ నియమానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2018 మేలో మళ్ళీ ఒక సందర్శకుడు అడ్డుగా పెట్టిన ఇనుప స్తంభంతో కొట్టడంతో అద్దం పగిలి కాన్వాస్ మూడు చోట్ల చిరిగింది.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): గొడవ లేని, దుఃఖం మాత్రమే ఉన్న బొమ్మ ఒకటి చెప్పండి.

జవాబు: క్రాంస్కోయ్ 'ఓదార్చలేని దుఃఖం' (1884). బిడ్డను పోగొట్టుకున్న తల్లి, నల్లగౌను, పెదవులకు అదుముకున్న చేతిరుమాలు, పక్కనే అంత్యక్రియల పూలు. క్రాంస్కోయ్ దంపతులే కొడుకులను పోగొట్టుకున్నారు. ఆమెలో ఆయన భార్య పోలికలున్నాయి. ఆయన దీన్ని పలు రూపాల్లో వేసి చూశాడు. చివరిదాంట్లో ఆమెను నిలబెట్టాడు. 228 × 141 సెంటీమీటర్ల నిలువు కాన్వాస్‌లో ఆమె నిటారుగా ఉంది, ఎవరి మీదా ఆనుకోలేదు. ఓదార్చేవాళ్ళను బొమ్మలో ఎవరినీ పెట్టలేదు. బొమ్మను త్రెత్యకోవ్‌కు ఊరికే ఇస్తానన్నాడు. ఆయన ఒప్పుకోక డబ్బిచ్చే తీసుకున్నాడు.

ప్రశ్న (డల్లాస్ నుంచి): రేపిన్, పుకిరెవ్ బొమ్మలు ఏ3లో అచ్చేయించి గోడకు పెట్టాలి. అంచులు కోసుకుపోతున్నాయి. ఎలా?

జవాబు: ఏ3 అంటే 29.7 × 42 సెంటీమీటర్లు. 'అనుకోని రాక' దాదాపు చదరం. కాగితం నిండా పరిస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది: పైన గోడ, కింద నేల. మనం ఇంతసేపూ చెప్పుకున్నవి ఆ రెండే. కోయకుండా 31 × 29.7 సెంటీమీటర్లలో అచ్చేయించి, అటూ ఇటూ అయిదున్నర సెంటీమీటర్లు తెల్లగా వదిలేయండి. 'అసమాన వివాహం' నిలువుగా 29.7 × 37.6 వస్తుంది, పైనా కిందా కలిపి నాలుగున్నర మిగులుతుంది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలంటే మొదటిదానికి ఫైలు కనీసం 3,660 × 3,508 పిక్సెల్స్ ఉండాలి. ఆ చిత్రకారులంతా పోయి తొంభై ఏళ్ళు దాటింది, కాబట్టి బొమ్మ మీద కాపీరైటు సమస్య లేదు. రంగు విషయంలో ఒక్కటి చెప్పండి ప్రింటింగ్ వాళ్ళకు, ఆటో కరెక్షన్ తీసేయమని. అది ఉంటే నల్లగౌన్లలోని నీలం, గోధుమ ఛాయలు మట్టంగా నలుపైపోతాయి. నున్నటి గ్లాసీ కాగితం వద్దు, దీపం ప్రతిబింబించి ముదురు చోట్లేవీ కనబడవు. మ్యాట్ కాగితం తీసుకోండి.